కార్తీక మాసంలో పేలిన సీసాలు

ఈ మే నెలలో నేను రిటైరైన వారానికి మా అమ్మాయి ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి నా ముందు పెట్టింది. విప్పి చూస్తే ఇంట్లో బీరు తయారు చేసుకునే సామాను: కుళాయి ఉన్న ప్లాస్టిక్ పీపా, థర్మామీటరు, సీసాలకు మూతలు బిగించే పరికరం. "డాడ్, యూ యూజ్డ్ టు లవ్ దిస్. వై డిడ్ యూ స్టాప్?" అని అడిగింది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఇంగ్లీషే. తీరిక దొరక్క మానేశానమ్మా అన్నాను. అది అబద్ధం. ఎందుకు మానేశానో మా ఆవిడకు తెలుసు. ఆవిడ కూర తరుగుతూ ఉండిపోయింది.

పాతికేళ్ల కిందటి మాట. అప్పట్లో ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న ఈ డార్విన్‌లో మన తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. మేము అద్దెకున్నది ఇక్కడి పాతకాలపు ఇల్లు, ఎత్తు స్తంభాల మీద చెక్కలతో కట్టినది. పైన కాపురం, కింద ఖాళీ జాగా, బట్టలుతికే చిన్న చాకిరేవు గది. నేల చెక్కల మధ్య సందుల్లోంచి కింద వెలుతురు కనబడేది. పక్కింట్లో, రేవులో క్రేన్లు బాగుచేసి రిటైరైన ఒక తెల్ల పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మేము దిగిన మొదటి వానాకాలంలో మా కప్పు కారుతుంటే పిలవకుండానే నిచ్చెన వేసుకుని ఎక్కిన మనిషి. అలా మొదలైన స్నేహం, ఆయన తన పెరటి షెడ్డులో నాకు బీరు చేయడం నేర్పేదాకా వచ్చింది.

ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడో చెప్పాలి. పీపా, గరిటె, గొట్టం, ప్రతిదీ క్రిములు చంపే మందు నీళ్లతో కడగాలి, కడిగాక దేన్నీ ముట్టుకోకూడదు. నేను పొరపాటున మూత లోపలి వైపు వేలు పెడితే చేతి మీద చిన్న దెబ్బ వేసి మళ్లీ కడిగించేవాడు. మా నాయనమ్మ మడి కట్టుకుని వంట చేసేటప్పుడు మా మీద కేకలు వేసిన తీరే ఇదీనూ. బార్లీతో చేసిన మాల్టు పాకం వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, ఈస్టు చల్లి, రెండు వారాలు పులియబెట్టి, తర్వాత సీసాల్లో పోసి, ఒక్కో సీసాకు ఒక చిన్న చెంచా చక్కెర వేసి మూత బిగించేవాళ్లం. ఆ చక్కెరే లోపల గ్యాసుగా మారి నురగ తెప్పిస్తుంది. చెంచా మీద ఎక్కువైన చక్కెరను కత్తితో చదునుగా గీసేసి మరీ వేసేవాడాయన. ఆరేళ్ల మా అమ్మాయి మూత బిగించే పిడి మీద వేలాడుతుంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. డార్విన్‌లో నాకు దొరికిన మంచి సాయంత్రాలన్నీ ఆ షెడ్డులోవే.

మనవాళ్లకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు. ఆ రోజుల్లో మన గుంపులో తాగుడు మాట ఎత్తేవాళ్లే లేరు, లేదా లేరని నేననుకున్నాను. సీసాలు మా చాకిరేవు గదిలో పాత దుప్పటి కింద ఉండేవి. ఎవరైనా వస్తున్నారంటే ఆ తలుపుకు తాళం.

ఆ ఏడు కార్తీక మాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. మన దగ్గర కార్తీకమంటే తెల్లవారుజామున వణికించే చలి. ఇక్కడ అది వానలు పడీపడకుండా ఊరంతా ఉడికిపోయే కాలం. వ్రతానికి పది రోజుల ముందు నేను ఒక్కడినే ఒక విడత బీరు సీసాల్లో పోశాను. పెద్దాయన పక్కన లేడన్న ధీమాతో చక్కెర బదులు మా ఊరి నుంచి వచ్చిన బెల్లం తురిమి, చెంచా పక్కన పెట్టి, మన వంటింటి అలవాటు ప్రకారం కంటి అందాజుకు చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయాను. పులుసులో వేసినట్టు వేశానన్నమాట. రుచి చూపించి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని నా సంబరం.

వ్రతానికి ఆయన్నీ పిలిచాను. ప్రసాదం తినేదాకా మేము ఉపవాసం ఉంటామని మాటవరసకు చెబితే, ఆయన కూడా పొద్దున టీ చుక్క తాగకుండా, ఉతికిన చొక్కా తొడుక్కుని, మెట్ల దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చాడు. మోకాలి నొప్పి ఉన్నా కుర్చీ వద్దని అందరితోపాటు కిందే కూర్చున్నాడు. అప్పట్లో ఇక్కడ పురోహితుడు లేడు కాబట్టి, మాలో పెద్ద అయిన డాక్టరుగారు పుస్తకం చూసి కథ చదువుతున్నారు. మూడో అధ్యాయంలో ఉండగా కింద ఢామ్మని మోగింది. మిగిలిన దీపావళి టపాకాయలు పిల్లలు కాలుస్తున్నారేమో అనుకున్నారంతా. తర్వాత మరొకటి, వెంటనే వరసగా రెండు. నేల సందుల్లోంచి పులిసిన బీరు వాసన నేరుగా పీట దగ్గరికే వచ్చింది. డాక్టరుగారు చదవడం ఆపేశారు. అందరూ నా వంక చూశారు.

నేను పీట మీదే కూర్చుని, పెద్దాయన వైపు చెయ్యి చూపించి, అవి ఈయనవి, వాళ్లింట్లో చోటు లేదంటే కింద పెట్టుకోనిచ్చాను అని తెలుగులో చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. అందరికీ నమ్మకం కుదరాలని అదే మాట ఇంగ్లీషులో కూడా చెప్పాను, ఆయన వింటుండగానే. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సారీ ఫోక్స్. మై ఫాల్ట్. యూ క్యారీ ఆన్," అని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, కిందికి వెళ్లాడు. ఆ గది తాళంచెవి ఎక్కడ పెడతానో ఆయనకు తెలుసు.

వ్రతం చేసే కర్త మధ్యలో లేవకూడదన్న నియమం ఆ రోజు నాకు భలే అక్కరకొచ్చింది. మిగతా రెండు అధ్యాయాలూ అయ్యేదాకా చీపురు చప్పుడు, గాజుపెంకులు బకెట్లో పడే చప్పుడు వింటూ అక్షింతలు వేశాను. హారతి అయి కిందికి వెళ్లేసరికి గది కడిగి ఉంది, ఆయన లేడు. మా ఆవిడ ప్రసాదం కట్టి నా చేతిలో పెడితే వెళ్లడానికి మొహం చెల్లక అమ్మాయిని పంపాను. తాత చేతికి కట్టు ఉందనీ, గుమ్మంలోనే నిలబడి మొత్తం తినేశాడనీ వచ్చి చెప్పింది.

ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కంచె అవతలి నుంచి మామూలుగానే చెయ్యి ఊపేవాడు. నేనే ఆయన లోపల ఉన్నప్పుడు చూసుకుని కారెక్కేవాణ్ణి. పీపా చెత్తకుప్పలో పడేశాను. రెండేళ్లకు ఆయన ఇల్లు అమ్ముకుని అడిలైడ్ వైపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు తలుపు తట్టాడు. నేను ఇంట్లోనే ఉండి, డ్యూటీలో ఉన్నానని చెప్పించాను. ఆ అబద్ధం చెప్పవలసి వచ్చినందుకు మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ ఏడు అమ్మాయి ఇచ్చిన పీపాతో మళ్లీ మొదలుపెట్టాను. కడిగినదే కడిగాను. చక్కెర త్రాసులో తూచి వేశాను. సీసాలు సిద్ధమయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం పాతవాళ్లందరినీ బార్బెక్యూకు పిలిచాను. ఇప్పుడు దాపరికం లేదు కదా. ఎనభై దాటిన డాక్టరుగారు ఒక గుటక వేసి భేష్ అన్నారు. ఆ మెప్పు వింటూ ఊరుకోలేకపోయాను. ఆనాటి సీసాలు నావేనని అందరి ముందూ చెప్పేశాను. చెప్పడానికి పాతికేళ్లు పట్టింది. వాళ్లు మాత్రం పడీపడీ నవ్వారు. డాక్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "మాకు తెలీదనుకున్నావేంటయ్యా? పొంగిన బీరులో బెల్లం వాసనొస్తుంటే ఆ దొరదెలా అవుతుంది? పాపం ఆయనే నీ పరువు కాపాడాడని ఆ రోజే అనుకున్నాంలే," అన్నారు.

ఎవరి దగ్గర చిన్నబోతానని ఆ పని చేశానో వాళ్లెవరూ నమ్మనే లేదు. దెబ్బ తిన్నది ఆయనొక్కడే.

మా అమ్మాయి నవ్వలేదు. "డిడ్ యూ ఎవర్ సే సారీ టు హిమ్?" అని అడిగింది. లేదన్నాను. అది ఫోను తీసి, వెతికి చూస్తాను, పేరు చెప్పండి అన్నట్టు నా వంక చూసింది. ఈ రోజుల్లో ఎవరినైనా అలా పట్టుకోవచ్చట. మన తరానికి ఉత్తరం ముక్క రాయాలన్నా పది రోజులు కూడదీసుకోవాల్సి వచ్చేది. వీళ్లకు తప్పు తెలియగానే దిద్దుకోవడానికి ఒక బొటనవేలు చాలు. మంచి మార్పే. నా దాకా వచ్చేసరికే ఆలస్యమైంది.

ఆయన పేరు చెప్పాను. ఆ పేరుగలవాళ్లు ఈ దేశంలో వేలమంది ఉంటారు. సర్‌నేమ్ ఏమిటి అని అడిగింది. తెలుగువాడు ఎదురైతే రెండో మాటగా ఇంటిపేరు అడిగే నేను, నాలుగేళ్లు ఆయన షెడ్డులో కూర్చుని ఆయనది ఏనాడూ అడగలేదు. తెలియదమ్మా అన్నాను. అమ్మాయి ఫోను బల్ల మీద పెట్టేసింది.