మునుంలో పక్క మనిషి

మా సారు బెంగుళూరులో ఏదో శిక్షణకు వెళ్ళి మూడు ప్రశ్నలు పట్టుకొచ్చారు. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, మీ పనికి ఏది అడ్డం. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు టేబుల్ చుట్టూ నిలబడి ఒక్కొక్కరూ ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. కూర్చోకూడదు, కూర్చుంటే మాటలు సాగుతాయట. ఆడవాళ్ళు నిలబడితే మాటలు సాగవని ఆయనకు ఎవరు చెప్పారో గానీ, ఆ మనిషి ఏనాడూ వీధి కొళాయి దగ్గర నీళ్ళకు నిలబడి ఉండడు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది అప్పటికి. హోసూరు ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్లకు వైరింగు చేసిచ్చే చిన్న యూనిట్ మాది. మేకులు కొట్టిన వాలు పలక మీద రంగురంగుల వైర్లు పరిచి, టేపు చుట్టి, చివర్లు ఒక్కొక్కటీ కనెక్టరు బెజ్జాల్లో దూర్చాలి. తొంభైల్లో నేను చేరినప్పుడు ఆర్డరు నెలకొకసారి వచ్చేది. ఒక్కొక్కరికీ ఒక్కటే పని, ఏళ్ళ తరబడి అదే పని. తర్వాత బండ్ల కంపెనీవాళ్ళు పొద్దున ఫోన్ చేసి సాయంత్రానికి కావాలనడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసి, అది కాదు ఇంకో రకం అనేవారు. దాంతో సారు పొడుగు లైన్లు తీసేసి, ఎనిమిదేసి మందిని ఒక టేబుల్‌గా చేసి, అందరికీ అన్ని పనులూ రావాలి, ఏ పూటకా పూట మీరే పంచుకోవాలి అన్నారు. మా టేబుల్‌కు నన్ను లీడర్ని చేశారు. జీతం పెద్దగా పెరగలేదు, మెడలో ట్యాగు రంగు మాత్రం మారింది.

మా టేబుల్ దగ్గర మూడు భాషలు నడిచేవి. తిట్టుకోవడానికి తమిళం, సారుతో మాట్లాడటానికి కన్నడం, మనసులో మాటకు తెలుగు. అందరిలో పెద్దది ఊత్తంగరై నుంచి వచ్చిన అక్క. గొర్రెలు కాసే ఇంటి మనిషి. భర్త పోయాక కూతుర్ని వెంటబెట్టుకొని హోసూరుకొచ్చి, ఒక గది బాడుగకు తీసుకొని, ఆ పిల్లను నర్సు చదువు చదివిస్తోంది. ఆమె పక్క స్టూలు మీద మత్తూరు పిల్ల. నోరూ చెయ్యీ రెండూ చురుకే. ఆ ఇద్దరినీ విడదీసి కూర్చోబెడితే మత్తూరు పిల్ల నాతో పేచీకి దిగేది. ఏదో చనువులే అనుకున్నాను.

పొద్దున ప్రశ్నల్లో మొదటి రెండింటికీ అందరూ బాగానే చెప్పేవాళ్ళు. మూడోదానికి మాత్రం "ఏం అడ్డం లేదు సార్, అంతా బాగుండాది" అని ఎనిమిది నోళ్ళూ ఒకటే పాట, నాది కూడా కలిపి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏదో ఒకటి చెప్పి మనమే పట్టుబడటం ఎందుకని అందరి భయం. అంతా బాగుంటే సాయంత్రానికి పని ఎందుకు వెనకబడుతోందో చెప్పేవాళ్ళే లేరు.

ఒకరోజు సారు నన్ను తన గదికి పిలిచారు. మంచి మనిషే, గొంతు పెంచడం రాదు. ఆయన కన్నడంలో చెప్తే నేను తెలుగులో జవాబిచ్చేదాన్ని, ఇద్దరికీ అర్థమయ్యేది. "మీ టేబుల్‌కు ఏడుగురు చాలంటున్నారు పైవాళ్ళు. ఎవరి చెయ్యి నెమ్మదో నెలాఖరుకు నువ్వే చెప్పాలి. మీ మనుషుల సంగతి నీకే తెలుస్తుంది" అన్నారు. మేమంతా పర్మనెంటు కానివాళ్ళమే. పేరు చెప్పడమంటే ఒక ఇంట్లో పొయ్యి ఆర్పడమే.

నాకు ఒళ్ళు మండింది. లీడరు చేసే మొదటి పని ఇదా అనుకున్నాను. పైగా ఎవరు నెమ్మదో నాకు నిజంగానే తెలియదు. ఎవరి ముందైనా వైర్లు పేరుకుంటే పక్కామె చెయ్యి చాపి లాక్కునేది. ఎవరు చేశారంటే "అందరమూ చేసినాం అక్కా" అనేవాళ్ళు. ఇది మా ఊళ్ళ అలవాటే. కలుపు తీసేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో బారు పట్టుకొని ముందుకు సాగుతారు, దాన్నే మునుం అంటాం. మునుంలో ఒక మనిషి వెనకబడితే పక్క మనిషి ఆ బారులో కలుపు కూడా తీసి ఆమెను ముందుకు తెచ్చుకుంటుంది. చేనుగల వాళ్ళకు చెప్పరు, చెప్తే అది చాడీ.

ఆ వారంలోనే మత్తూరు పిల్ల జ్వరమని రాలేదు. ఆరోజు ఊత్తంగరై అక్క ముందు వైర్లు కుప్పపడ్డాయి. ఆమె నుదుటి మీద చెమట. ఏమక్కా అంటే "తలనొప్పిమ్మా" అంది. ఎవరి పేరు చెప్పాలో నాకు తెలిసిపోయింది. ఆమె కూతురికి ఇంకా ఏడాది చదువు మిగిలి ఉందని కూడా తెలుసు. రాత్రి అన్నం సహించలేదు.

ఆదివారం బస్సెక్కి మా ఊరెళ్ళాను. మత్తూరుకు దగ్గర్లోనే మా ఊరు. మా చేలో శనక్కాయ కలుపు తీస్తున్నారు. మా ఊళ్ళో కూలి డబ్బుల్లేకుండా బదులు పని నడిచేది. ఈరోజు మా చేనికి వాళ్ళు, రేపు వాళ్ళ చేనికి మేము. నేనూ కొంగు బిగించి మునుంలో నిలబడ్డాను. వచ్చినవాళ్ళలో ఒక బాలింత ఉంది, బిడ్డను కట్ట మీద పడుకోబెట్టి వచ్చింది. మా అమ్మ ఏరికోరి ఆమె పక్క బారే పట్టింది. సగం చేను దాటిందో లేదో అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడిపోయింది.

"నా నడుము పడిపోయిందమ్మా. ఎవరైనా ఒక చెయ్యి వేయండి" అంది, చేనంతా వినబడేలా.

ఇద్దరు నవ్వుతూ వచ్చి అమ్మ బారు అందుకున్నారు. కాసేపటికి ఇంకొకామె తన మోకాలి సంగతి ఎత్తింది. ఆ తర్వాత బాలింత కూడా, "నాకు కండ్లు తిరగతా ఉండాయి, రవ్వంతసేపు కూర్చుంటా" అని కట్టెక్కి బిడ్డకు పాలిచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఆమె బారు ముందుకు సాగిపోయింది.

మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను.

"ఎందుకు? నాకేమొచ్చింది, గుండు మాదిరుండాను" అంది.

"మరి నడుమన్నావే?"

"నా వయసులో నొప్పి లేని నడుముంటాదా? ఉన్నిందే చెప్పినా. బాలింతరాలు నోరు తెరిచి అడగతాదా? చేనుగలామె ముందు అడిగితే, ఇంగెవురికీ సిగ్గుండదు" అని ఇంకో ముద్ద నా పళ్ళెంలో వేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా అమ్మ మాత్రం అడగకుండానే పెట్టే రకం.

సోమవారం పొద్దున టేబుల్ చుట్టూ నిలబడ్డాం. సారు ఆరోజు రాలేదు. మూడో ప్రశ్న నా వంతుకు వచ్చింది. చేలో అమ్మకు పోయేదేమీ లేదు, పోగొట్టుకోవడానికి నా మెడలో ట్యాగు ఉంది.

"నాకు అడ్డముంది" అన్నాను. "టేపు చుట్టేటప్పుడు బొటనేలు లాగేస్తా ఉండాది. నెల నుంచి ఎవురికీ చెప్పలేదు. మొన్న వెనక్కి తిరిగొచ్చిన రెండు వైరింగులూ నేను చేసినవే. ఎవరైనా ఒక చెయ్యి వేస్తారా?"

అప్పుడు మత్తూరు పిల్ల పకపకా నవ్వింది. "టేపు నాకియ్యి అక్కా. బదులుగా నువ్వు నాకు ఆ ఆర్డరు కాగితం చదివి చెప్పు. ఇంగ్లీషు అక్షరాలు నాకు ఒక్కటీ రావు, బొమ్మ చూసి లాగిస్తా ఉండాను" అంది. అంత నోరున్న పిల్ల, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నేల చూసింది.

అక్కడినుంచి రోజుకొకటి బయటపడింది. ఒకామెకు స్టూలు ఎత్తు సరిపోదు, ఒకామెకు ఫలానా కనెక్టరంటేనే దడ. సారు వచ్చి విని బెదిరిపోయారు. "మొన్నటిదాకా ఒక్క అడ్డమూ లేని టేబుల్, ఉన్నట్టుండి ఇన్నేమిటి?" అన్నారు. "అప్పుడూ ఉండేవి సార్, ఇప్పుడు వినబడతా ఉండాయి" అన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. నెలాఖరు సంగతి మళ్ళీ గుర్తు చేసి వెళ్ళారు. ఊత్తంగరై అక్క మాత్రం ఇంకా "ఏం లేదమ్మా" దగ్గరే ఉంది.

తొందరపెట్టకూడదని నోరు అదుపులో పెట్టుకున్నాను. నాలాంటి దానికి అది ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళను అడగాలి. మా అమ్మ చేసినట్టే నా స్టూలు ఆమె పక్కకు, రెండో వైపుకు జరుపుకున్నాను. అంతే చేశాను.

ఒక పొద్దున ఆమె వంతు వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వైరు మీద సన్న గీతలుంటాయే, అవి నాకు కనపడవు. ఎర్రదో నల్లదో తెలీదు. ఈ పిల్లే చెప్తాది" అంది.

ఎలా చెబుతుందని అడిగితే మత్తూరు పిల్ల ముఖం కందిపోయింది. టేబుల్ కింద కాలితో చెబుతుందట. ఒకసారి తాకితే ఎరుపు, రెండుసార్లు తాకితే నలుపు. చెప్పులు విప్పి కూర్చునేది అందుకే, పక్క స్టూలు కోసం పేచీ అందుకే. అంతమందిమి అదే టేబుల్ దగ్గర మోచేతులు రాసుకుంటూ కూర్చున్నాం, ఒక్కరికీ తెలియలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కండ్లద్దాలు పెట్టుకోవచ్చు కదా అక్కా?"

"అద్దాలు పెడితే ముసిలిదైపోయిందని పంపించేస్తారమ్మా. పాప చదువు అయ్యేదాకా తోసుకొస్తామనుకున్నా."

"సాయంత్రం బజారుకు పోదాం పా" అన్నాను. బస్టాండు దగ్గరి అంగట్లో కండ్లు చూపించి, అందరం తలా కాస్త వేసుకొని అద్దాలు చేయించాం. మొదటిరోజు ఆమె వాటిని పెట్టుకొని పలక ముందు కూర్చొని, వైర్లను కాదు, తన చేతులను చాలాసేపు చూసుకుంది. "ఇంత పగిలిపోయినాయా నా చేతులు" అంది. ఆ పూట మత్తూరు పిల్ల కాలికి సెలవు దొరికింది.

నెలాఖరున సారు పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. నేను నోరు తెరిచే లోపే ఊత్తంగరై అక్క ముందుకొచ్చింది. "నెమ్మది చెయ్యి నాదే సార్" అంటూ కండ్ల సంగతి, కాలి సంగతి అన్నీ చెప్పేసింది. "ఇప్పుడు కనపడతాది. ఇంగ మీ ఇష్టం" అంది.

సారు తన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. "పైవాళ్ళతో నేను మాట్లాడతాను. ఎనిమిది మందీ ఉండండి" అన్నారు. పోబోతూ ఆగి, "నాకూ ఒక అడ్డముంది. మధ్యాహ్నం వాళ్ళు ఫోన్ చేసి ఆర్డరు మార్చినప్పుడు కాదనలేకపోతున్నాను. ఏం చెయ్యాలో మీరెవరైనా చెప్పండి" అన్నారు. ఆయన్ను అంతకు ముందు మంచివాడనే అనుకున్నాను, ఆరోజు నుంచి మా సారు అనుకున్నాను. రెండు రకాలకూ కలిసే భాగం పొద్దున్నే చేసి పెట్టుకుందామని మత్తూరు పిల్ల అంది, అదే చేశాం. వారానికల్లా ప్రతి టేబుల్ మీదా మంచి దీపాలు కూడా వేయించారాయన.

మా ఎనిమిది మందిలో ఒక్కరూ తగ్గలేదు. ఊత్తంగరై అక్క కూతురు నర్సయింది. మత్తూరు పిల్ల ఇంకో టేబుల్‌కు లీడరై, నాకంటే బాగా నడిపింది. నాకు వచ్చిందంతా మా అమ్మ చేలోదే. అమ్మ పోయాక గానీ ఆ మాట ఆమెతో చెప్పలేదే అని తట్టలేదు.

ఇంకొన్నేళ్ళకు, నాకు నలభై నిండాక, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేదాన్ని. కొన్ని వారాలుగా పొద్దున మూడో ప్రశ్నకు నా జవాబు "ఏం లేదు" అనే. ఒకరోజు పచ్చ వైరు పట్టుకొని దీపం కిందికి జరిపాను, మళ్ళీ దూరంగా పెట్టాను. అంతమంది పిల్లలు చూస్తున్నారు.

పక్కనే పలక మీద పని చేస్తున్న ఊత్తంగరై అక్క పని ఆపింది. తన అద్దాలు తీసి కొంగుతో తుడిచి నా ముందుకు చాపింది.

"ఈ అద్దాలు నాకు ఎందుకో మసకగా ఉండాయి. నువ్వొకసారి పెట్టుకోని చూసి చెప్పమ్మా" అంది, టేబుల్ దగ్గర అందరికీ వినబడేలా. అదే అద్దాలతో పొద్దున్నుంచీ ఒక్క తప్పూ లేకుండా చేసిన మనిషి.

పెట్టుకున్నాను. పచ్చ మీద ఎర్ర గీత, తలవెంట్రుకంత సన్నగా, స్పష్టంగా కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి.

"నీ అద్దాలు బాగానే ఉండాయక్కా" అన్నాను. "నాకే కండ్లు కనపడలేదు."

"అయితే సాయంత్రం బజారుకు పోదాం పా" అంది.