మందు కొట్టిన పాక

పత్తి సేద్యం చేసేవాడికి ఈగ కనిపించినా చీమ కనిపించినా చెయ్యి ముందు పురుగుమందు డబ్బా మీదికే పోతుంది. మా ఆయన చెయ్యీ అంతే. ఆ చేతిని నేను ఈ రోజుకీ క్షమించలేదు.

తొంభైల చివరి సంగతి. నల్లపాడు దాటాక మా ఊరు. పత్తి వరుసగా రెండేళ్లు పోయింది. నేను మిరపకాయలకు తొడిమలు తీసే కూలిపనికి వెళ్లేదాన్ని. సాయంత్రానికి చేతులు భగభగా మండేవి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేదాన్ని. ఆ చేతులతో నా బిడ్డ మొహం కడిగే యోగం కూడా లేదు. ఆ పని వదిలించుకోవడానికే పుట్టగొడుగులు పెట్టాను.

గుంటూరులో మూడు రోజులు నేర్పారు. వరిగడ్డి ముక్కలు చేసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబోసి, జొన్నగింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనంతో పొరలుపొరలుగా సంచుల్లో కూరాలి. ఈగలొస్తే దోమతెర కట్టుకోండి, మందు మాత్రం తగలనివ్వకండి, పీల్చేసుకుంటాయి అని మరీ మరీ చెప్పారు. తాటాకు పాకలో సంచులు వేలాడదీసి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను.

మా అత్త రోజూ అరుగు మీద నుంచే దీవించేది. "కుక్కగొడుగులు పెంచే కోడలు ఎవరికైనా దొరుకుద్దా? నాకే దొరికింది!" మూడు వారాలకు సంచుల్లోంచి తెల్లగా విసనకర్రల్లాంటి గుత్తులు వచ్చాయి. ఆవిడ నోరు మూతపడలేదు కానీ, పాకలోకి తొంగిచూడడం మొదలుపెట్టింది.

బ్రాడీపేటలో ఒక కూరగాయల కొట్టాయన, "శనివారం తీసుకురామ్మా. బాగుంటే వారం వారం నేనే తీసుకుంటా" అన్నాడు. ఆ మాట చెప్పాలని పరుగున ఇంటికొచ్చి పాక తడిక తీశాను. లోపల మందు కొట్టిన పత్తిచేను వాసన.

"ఈగలు ముసిరినయ్. కాస్త కొట్టా" అన్నాడు మా ఆయన, పెద్ద మేలు చేసినవాడిలా.

"మందు కొట్టకూడదని వెయ్యిసార్లు చెప్పానా లేదా మీకు?"

"ఏం కాలేదుగా! చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో. పట్నం వాళ్లకేం తెలుసుద్ది? కడిగి ఇచ్చేసిరా."

రెండు గుత్తులు కోసి, కారం దట్టించి వేపుడు చేశాను. కంచంలో అన్నం పక్కన వేసి ఆయన ముందు పెట్టాను. "తినండి. బాగుంటే శనివారం ఇచ్చేద్దాం."

ఆయన ముద్ద కలపలేదు. ఆకలి లేదన్నాడు. నా ఖర్మ కొద్దీ ఆ రోజే మా అత్తకు నోరూరింది. "వాసన బానే ఉందే! ఏదీ, నేనో ముక్క తింటా" అని కంచంలో చెయ్యి పెట్టింది.

నేను ఆపలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆయన నోరు తెరుస్తాడా లేదా అని ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ముక్క ఆవిడ పెదాల దాకా వెళ్లాక, ఆయన లేచి తల్లి చేతి మీద ఒక్కటి కొట్టాడు. "వద్దమ్మా! మందు కొట్టా దాని మీద!"

ఆవిడ కొడుకును పల్లెత్తు మాట అనలేదు. నా వైపు తిరిగింది. "తెలిసే ఊరుకున్నావటే?"

"తెలిసే" అన్నాను.

సంచులన్నీ గొయ్యి తీసి నేనే పూడ్చాను. శనివారం మళ్లీ తొడిమల పనికి వెళ్లాను. ఆ తర్వాత మా అత్త బతికినన్నాళ్లూ, నేను ముందు ఓ ముద్ద తింటేగానీ నా చేతి అన్నం ముట్టలేదు. మండే చేతులతోనే ఆ ముద్ద కలిపి, ఆవిడ ఎదుట మింగేదాన్ని. మందు కొట్టిన కొడుకు ఏం తెచ్చి పెట్టినా మాత్రం అడక్కుండా తినేది.