మధ్యాహ్నానికి రాలిన నీలం

రైతు మల్లయ్య నాకు ముందే చెప్పాడు. చెప్పలేదని నేను అన్నాను. ఆ ఒక్క మాట సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

1991 డిసెంబరులో ఫిల్మ్‌నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉన్నాను. క్లాప్ కొట్టేవాడికి పైన, కో-డైరెక్టర్‌కి కింద ఉండే మెట్టు అది. పాటకు నీలం పూల తోట వెతకమన్నారు డైరెక్టర్‌గారు. "ఊటీ వద్దు, గంటన్నరలో చేరిపోవాలి. దొరికిందంటే నువ్వే అసోసియేట్‌వయ్యా!" అన్నారు. అది నాకు పై మెట్టు.

నాలుగో రోజు పొద్దున, చేవెళ్ల దాటాక, జీపులోంచి చూస్తే ఒక చేను మొత్తం లేత నీలం. మాది కృష్ణా జిల్లా. వరి, మినుము తప్ప నాకేం తెలుసు? గట్టు మీదున్న మల్లయ్యను అడిగితే, "అవిసెలు సారూ, నూనె గింజలు" అన్నాడు. షూటింగుకు సంతోషంగా ఒప్పుకున్నాడు. "గని పొద్దుగాల్నే రావాలె. పగటీలికల్లా, పన్నెండు గొట్టకముందే, రెక్కలన్నీ రాల్తయ్. మల్ల తెల్లారి కొత్తయి పూస్తయ్."

నటీనటులు లొకేషన్‌కు చేరాల్సిన వేళను మా వృత్తిలో రిపోర్టింగ్ టైమ్ అంటారు. దాన్ని నిర్ణయించేది కో-డైరెక్టర్. జూబ్లీహిల్స్‌లో మా హీరో ఇంటి గేటు తొమ్మిదికి ముందు తెరుచుకోగా చూసినవాళ్లు లేరు. పువ్వుల కోసం ఆయన్ను ఆరింటికి రమ్మనే అసిస్టెంట్ సాయంత్రానికి మాజీ అవుతాడు. మల్లయ్య మాట మింగేశాను.

నీలం మీద బాగా కనబడాలని హీరోయిన్‌కి చిలకపచ్చ పరికిణీ, ఓణీ కుట్టించారు. షూటింగు రోజు హీరో పన్నెండుంపావుకి కారు దిగాడు. అప్పటికి చేనంతా పచ్చగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది. ఆయన నల్లకళ్లద్దాలు తీసి, "ఏంటిది, గోంగూరా?" అన్నాడు. ఏమైనా లేస్తాయేమోనని మేనేజరు మొక్కల మీద నీళ్లు చల్లించాడు. కెమెరామన్ మాత్రం రిహార్సల్ చూసి, "ఏంటయ్యా, తలకాయొక్కటే డాన్స్ చేస్తోంది!" అని మొత్తుకున్నాడు.

డైరెక్టర్‌గారు నా వైపు తిరిగారు. "రాలిపోతాయని ఆ రైతు నీకు చెప్పలేదా?"

"చెప్పలేదండీ."

హీరోయిన్ డాన్సు చూద్దామని ఊరంతా గట్ల మీదే ఉంది. "ఏంది మల్లిగా, గా ముక్క చెప్పొద్దా?" అని ఒక ముసలామె కేకలేసింది. మల్లయ్య నావైపు చూశాడు. "జర నువ్వన్న చెప్పు సారూ!"

నా పని కాకపోయినా క్లాప్‌బోర్డు అందుకుని తుడవసాగాను.

ఆ పాట చివరికి స్టూడియోలో, కాగితం పూల మధ్య తీశాం. నేను అసోసియేట్‌నయ్యాను. మల్లయ్యకు ఊళ్లో 'సినిమాను ఎల్లగొట్టినోడు' అన్న పేరు మిగిలింది.

ఆ తర్వాత నా లొకేషన్ రిపోర్టుల్లో స్థలం ఎక్కడుందో రాసిన చోటే, ఏ వేళ బాగుంటుందో, ఆ సంగతి ఎవరు చెప్పారో కూడా రాశాను. దీనివల్ల నేర్చుకున్నది అంతే. దానితో మల్లయ్య పేరు మాత్రం బాగుపడలేదు.

ఉద్యోగం మానేశాక, పోయిన చలికాలం వెళ్లాను. చేను నీలంగా ఉంది. నన్ను పోల్చుకుని మల్లయ్య అడిగిన మొదటి ప్రశ్న, "గంటెంతయింది సారూ?"

ఏడన్నాను.

"గీసారి టైముకొచ్చినవ్" అని చాయ్ హోటల్‌కు తీసుకెళ్లాడు. అక్కడున్న నలుగురూ చాలలేదేమో, రోడ్డు మీద పోయేవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. "ఇగ చెప్పు."

లేచి నిలబడ్డాను.

"పొద్దున్నే రమ్మని ఈయన చెప్పాడు. హీరోకి చెప్పే ధైర్యం లేక నేనే దాచాను. తప్పు నాది. క్షమించండి, మల్లయ్యగారూ."