టైలరమ్మ కాలు

బోదకాలు వచ్చాక టైలరమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. మానేసిందనడం కన్నా, "మీరు ఇంట్లోనే ఉండండి వదినా, పెళ్లికి వచ్చినవాళ్లు చూస్తే బాగుండదు" అంటూ తమ్ముడి భార్యే మాన్పించిందనాలి. బట్టలు కుట్టించుకునేవాళ్లు కూడా కిటికీలోంచి గుడ్డ అందించి వెళ్లిపోయేవారు.

జ్వరం మాటిమాటికీ తిరగబెడుతుంటే ఆసుపత్రికి వెళ్లింది. నర్సు కింద కూర్చుని, ఆ కాలిని సబ్బుతో మెల్లగా కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచింది.

"రోజూ ఇలాగే కడుక్కోవాలమ్మా. నొప్పిగా ఉందా?"

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ కాలిని మరో మనిషి ముట్టుకుని ఏళ్లయింది.

వాపు పెద్దగా తగ్గలేదు గానీ జ్వరాలు ఆగిపోయాయి. తమ్ముడి కూతురి పెళ్లికి ఎవరూ రమ్మనకపోయినా వెళ్లి, ముందు వరసలో కూర్చుంది. పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. ఆమె మాత్రం లేవలేదు.