టెస్టుకి మిగిలిన ఒక్క వాలంటీరు

తుఫాను వస్తే ఊరిని ఖాళీ చేయించడం ఎలాగో ఫోనులో సాధన చేయించే సాఫ్ట్‌వేర్ మాది. ఒకేసారి పదిమంది లోపలికి వస్తేనే టెస్టు అవుతుంది. పలాసలో ఇంటి నుంచే పనిచేస్తున్న నేను, తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ వాలంటీర్లు కావాలని అడిగాను. పద్నాలుగుమంది సరేనన్నారు. ఈ రోజు పదింటికి వచ్చింది ముగ్గురు. పావుగంటలో ఇద్దరు వెళ్లిపోయారు.

మిగిలింది పూండికి చెందిన ఒక పెద్దాయన. నాకు ముఖపరిచయం కూడా లేదు. రెండు గంటలైనా ఆయన బొమ్మ సాఫ్ట్‌వేర్‌లోని ఊరి ఖాళీ వీధుల్లో తిరుగుతూనే ఉంది. మైకు ఆన్ చేసి, "విసుగ్గా లేదా బాబాయ్?" అని అడిగాను.

"విసుగేటమ్మా! డయాలిసిస్ మంచం మీదున్నాను. నాలుగ్గంటలు కదలకూడదు. వచ్చినప్పుడల్లా ఈ గోడే సూత్తుంటాను. ఇయ్యాల ఒంటిసేత్తో మీ ఊరంతా తిరిగేసినాను. ఊరు బాగుంది గానీ, మనుసులే లేరేటి?"

నిజానికి ఈ వారంలో నాతో అంతసేపు ఉన్న మనిషి ఆయనొక్కరే.

టెస్టు కాలేదని ఆఫీసుకి రాసేశాను. ఎల్లుండి ఆయనకి మళ్లీ డయాలిసిస్. టెస్టు లేకపోయినా పదింటికి లింకు తెరిచి ఉంచుతానని మాటిచ్చాను. మీకూ ఓ గంట ఖాళీ ఉంటే రండి. సరేనని మాత్రం అనకండి, వచ్చేయండి.