కరాచీ ఎంత దూరం

మొన్న మనవరాలు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే, హైదరాబాదు నుంచి కరాచీకి విమానంలో ఎంతసేపు పడుతుందో చూడమన్నాను. "నేరుగ లేదు అమ్మమ్మా, దుబాయి మీదికెళ్లి తిరిగి పోవాలె. రోజంతా పడ్తది. అక్కడ నీకెవరున్నరు?" అంది.

బాన్సువాడలో మా పక్కిల్లు ఆపాది. ఆపా అంటే ఉర్దూలో అక్క, పిల్లలమంతా అలాగే పిలిచేవాళ్లం. నిజాంసాగర్ కాలువ కింద కొంత మడి, రెండు బర్రెలు, తల్లి లేని చెల్లెలు, ఇదీ ఆమె సంసారం. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికొచ్చి చెల్లెల్ని తానే పెంచింది. ఆపాకూ మా అమ్మకూ తొక్కుల దగ్గర పోటీ. ఒకరి గిన్నెలో ఉప్పెక్కువైందని ఇంకొకరు అనని రోజు లేదు, ఆ గిన్నె ఖాళీ చేయని రోజూ లేదు. చెల్లెలు నాకంటే నాలుగేళ్లు పెద్ద. రోజూ నా జడ ఆమే వేసేది. ఆమెను హైదరాబాదులో ఒక గుమాస్తాకిచ్చారు. దేశం రెండు ముక్కలైన మరుసటి ఎండాకాలం ఆ గుమాస్తా మరిది వచ్చి, కరాచీలో నౌకరి దొరికిందన్నాడు. అప్పటికి చెల్లెలు కడుపుతో ఉంది.

"గంత దూరమా?" అంది ఆపా.

"దూరమేంది ఆపా! విమానంల పొద్దున ఎక్కితే పగటి బువ్వకు అక్కడుంటం. నువ్వు బండి కట్టి పిట్లం పోయొచ్చినంత సేపు. కాన్పుకు నేనే తోలుకొస్త."

పిట్లం అనేసరికి ఆపాకు ధైర్యమొచ్చింది. కనబడిన వాళ్లందరికీ అదే చెప్పింది. వాళ్లిద్దరూ వెళ్లాక కాన్పుకని గది అలికింది, సొంఠి దంచి పెట్టుకుంది, మా అటక మీది ఉయ్యాల దింపించుకుంది. ఆకాశంలో చప్పుడైతే చాలు, నాట్లు వదిలేసి తలెత్తి చూసేది.

వానలు తగ్గే వేళకు భారత సైన్యాలొచ్చాయి, నిజాం రాజ్యం పోయింది. కరాచీ విమానాలు ఆగిపోయాయి. చలికాలంలో మరిది తరఫు చుట్టమొకాయన వచ్చి మా నాన్నతో చెప్పాడు: కాన్పు కష్టమైంది, కొడుకు బతికాడు, తల్లి దక్కలేదు. నాన్నే వెళ్లి ఆపాకు చెప్పాడు. ఆమె ఏడవలేదు. లేచి చెప్పులు తొడుక్కుంది.

"అన్నా, నన్ను తోలుకపో. పిల్లగాన్ని తెచ్చుకుంట."

నాన్న ఆమెను ఎన్నోసార్లు హైదరాబాదు తీసుకెళ్లాడు. పోయినప్పుడల్లా పాకిస్తాన్ వెళ్లే పర్మిట్ రాదనే ఆఫీసులో అన్నారు. ఆఖరుసారి బండి దిగి మా అమ్మ మెడ పట్టుకుని, "ఒక్కసారన్న ఎత్తుకోకపోతి వదినా" అని బావురుమంది. పిల్లాడి తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడని ఒక కబురొచ్చింది, ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఆపా మాత్రం బర్రెల పాలు పిండుతూ, "ఇగ నడుస్తుండొచ్చు", "ఇగ బడికి పోతుండొచ్చు" అనుకునేది. అతనికి మీసాలొచ్చే వయసు దాకా అలా లెక్క వేసి, ఒక ఎండాకాలం కన్ను మూసింది.

బతికుంటే అతను ఈపాటికి తాత అయి ఉంటాడు. నేను తలుచుకున్నప్పుడు మాత్రం ఇంకా కళ్లు తెరవని పసిగుడ్డే. ఒక్కసారీ చూడని మనిషికి మన దగ్గర వయసెలా పెరుగుతుంది?