సగం చేసే ఓబళప్ప

ఓబళప్పకు ఎవరేం చెప్పినా సగం చేసే అలవాటు ఉండేది. అది ఆఫీసులో పుట్టింది కాదు. వాళ్ళ నాయనకు బెంగళూరు చిక్కపేటలో చీరల అంగడి. అక్కడ ధర రెట్టింపు చెప్పాలి, వచ్చినామె సగానికి అడగాలి, ఇద్దరూ గెలిచామనుకుని ఇంటికి పోవాలి. అసలు ధర చెప్పినవాడు ఆ వీధిలో మూడు నెలలు బతకడని నాయన అనేవాడు. ఆ గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్కలు నేర్చినవాడు, ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీ కొలువు చేసి, తొంభై ఆరులో వైట్‌ఫీల్డ్‌లో అద్దాల మేడ ఎక్కి ప్రాజెక్ట్ మేనేజరైతే ఏం చేస్తాడు? బేరమే చేస్తాడు.

"ఈ పనికి ఎన్ని దినాలు పడతాదప్పా?" అని అడిగేవాడు. పది రోజుల పనికి శ్రీకాంత్ అనే సీనియర్ ప్రోగ్రామర్ తడుముకోకుండా ఇరవై అనేవాడు. ఓబళప్ప ఇరవై కొట్టేసి పది వేసేవాడు. శ్రీకాంత్ ముఖం కాస్త మాడ్చుకుని, సీటుకు పోయి నవ్వుకునేవాడు. ఆఫీసులో అందరికీ తెలిసిన ఆట ఇది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే పక్క సీటువాళ్ళు ఉపదేశం చేసేవాళ్ళు.

మహబూబ్ బాషాకు ఆ ఉపదేశం అందలేదు. అతను చేరిన వారం శ్రీకాంత్ సెలవులో ఉన్నాడు, పక్క సీటు ఖాళీ. అది రెండువేల రెండు. నంద్యాల కుర్రాడు. అంతకు ముందు పనిచేసిన కంపెనీ మూతపడితే ఎనిమిది నెలలు మారతహళ్ళిలో ఒక గదిలో ఖాళీగా గడిపాడు. ఇక్కడ ఆరు నెలలు చూసి, నచ్చితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అది ఖాయమైతే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నట్టు తల వంచుకుని పనిచేసేవాడు.

ఒక విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీ పాత రికార్డులన్నీ కొత్త ప్రోగ్రాంలోకి మార్చే పని అతనికి వచ్చింది. ఓబళప్ప మామూలు ప్రశ్నే అడిగాడు.

"ట్వంటీ డేస్ సార్."

"పదిలో ఇచ్చేయప్పా."

"లేదు సార్, నిజంగానే ట్వంటీ పడుతుంది. పది రోజులు రాయడానికి, పది రోజులు చెక్ చేయడానికి. పాత రికార్డుల్లో చాలా తప్పులున్నాయి సార్."

"అందరూ ఇదే మాట చెప్తారు. అవుతాది పో."

ఆ సాయంత్రం బాషా దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. పొడుగ్గా ఉంది. మొదటి వరుసలో ఇరవై అన్న అంకె చూసి ఓబళప్ప నవ్వుకున్నాడు, మిగతాది చదవలేదు. ఇంటికెళ్ళి భార్య జయమ్మతో, "మా ఆఫీసుకు గట్టి పిల్లోడు వచ్చినాడే, ఇంకా బేరం వదలకుండా ఉండాడు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, పాపం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నమ్మినవాడికి నాలుగో కాలు కళ్ళెదుట ఉన్నా కనపడదు.

బాషా పది రోజుల్లో పని ఇచ్చాడు. పదమూడో రోజున ఆ దేశంలో, ఎప్పుడో చనిపోయిన వాళ్ళ పేర్ల మీద కంపెనీ నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్ళాయి. మొగుడు పోయిన ఒకామె ఆ కార్డు పట్టుకుని కంపెనీకి ఫోన్ చేసి ఏడ్చిందట.

మర్నాడు పొద్దున్నే మీటింగ్ గదిలో, బల్ల మధ్యన స్పీకర్ ఫోన్ పెట్టుకుని నలుగురు కూర్చున్నారు. ఓబళప్పకు ఎదురుగా బాషా. అవతల క్లయింటు మేనేజర్ గొంతు పెంచలేదు. ఈ పనికి పది రోజులు చాలని ఎవరు చెప్పారు, అని మాత్రం అడిగింది. ఓబళప్ప ఫోన్ వైపు వంగాడు.

"డెవలపర్ ఇచ్చిన గడువే మేడమ్" అన్నాడు ఇంగ్లీషులో.

బాషా తలెత్తి చూశాడు. ఫోన్ అతని చేతికందే దూరంలో ఉంది. నోరు తెరవలేదు. ఖాయం కాని ఉద్యోగం మనిషి నోటికి వేసే తాళం అంతా ఇంతా కాదు.

ఆ నోరు మూసుకున్నా ఫలితం లేకపోయింది. నెల తిరిగేసరికి అతని కాగితాలు ఓబళప్ప బల్ల మీదికి వచ్చాయి. ఉంచాలంటే ఒక్క సంతకం చాలు. క్లయింటుకు ఎవరో ఒకరిని చూపించాలని పైవాళ్ళు అప్పటికే అనేశారు. ఓబళప్ప, 'గడువు అంచనా వేయడం రాదు' అని రాసి పంపాడు. వెళ్ళే రోజు బాషా వచ్చి "వస్తాను సార్" అన్నాడు. "ఎక్కడన్నా అడిగితే నా పేరు చెప్పప్పా" అన్నాడీయన. ఏం దయ, ఏం దయ!

రెండువేల ఎనిమిదిలో ఓబళప్ప రిటైరయ్యాడు. ఆఖరి వారం పాత మెయిళ్ళు తుడిచేస్తుంటే బాషాది కనబడింది. ఈసారి చివరిదాకా చదివాడు.

'సార్, ఇరవై రోజులని నేను బేరమాడటం లేదు. పది రోజుల్లో ఇమ్మంటే ఇస్తాను, కానీ చెక్ చేయకుండా ఇచ్చినట్టే. అందులో చనిపోయినవాళ్ళ రికార్డులు కలిసి ఉన్నాయి, వేరు చేయాలి. నాకు ఇక్కడ ఎవరూ తెలియదు, తప్పుగా అడిగుంటే క్షమించండి. మీ జవాబు కోసం చూస్తాను.'

ఓబళప్ప దాన్ని రెండోసారి చదివాడు. ఈ మెయిల్ ఆ మీటింగు రోజున బాషా దగ్గరా ఉంది. బయటికి తీసుంటే తన పరువు ఏమయ్యేదో! ఉద్యోగం పోయిన రోజున కూడా ఆ కుర్రాడు దాన్ని ఎవరికీ చూపించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఓబళప్ప శ్రీకాంత్‌ను అడిగి నంబరు తీసుకుని అప్పటికప్పుడు ఫోన్ చేశాడు.

"బాషా, నేను ఓబళప్పనప్పా. నీ మెయిల్ ఇప్పుడు చదివినాను."

"అదంతా పాత సంగతి సార్, వదిలేయండి."

"తప్పు నాది. ఫోన్‌లో చెప్తే సరిపోదు, నీ ఎదురుగా చెప్పాల. ఇంటికి రాప్పా, భోంచేసి పోదువు. ఎప్పుడొస్తావు?"

"ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది సార్. టూ మంత్స్ పడుతుంది."

జయమ్మకు చెబితే ఆమె మామూలుగా, "రెండంటే ఒక నెలలో వస్తాడేమో, సరుకులు తెప్పిస్తా" అంది.

"కాదే. రెండంటే రెండే. ఆ పిల్లోడు ఉండేదే చెప్తాడు."

జన్మలో మొదటిసారి ఓబళప్ప ఒకరి మాట సగం చేయలేదు. గోడ మీది క్యాలెండర్లో అరవై రోజులూ లెక్కపెట్టి, ఆ తర్వాతి ఆదివారానికి సున్నా చుట్టాడు. ఆ ఆదివారం జయమ్మ మాంసం పులుసు, రాగిముద్ద చేసింది. ఓబళప్ప గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. మధ్యాహ్నం మూడైనా ఎవరూ రాలేదు. తర్వాతి ఆదివారమూ అంతే. మూడో ఆదివారం జయమ్మ, "పనిలో మరచిపోయినాడేమో, ఒకసారి ఫోన్ చెయ్యకూడదా" అంది.

"మరచిపోలేదే. ఫోన్ చేసిన దినమే రానని తెలుసు వానికి. మొహం మీద చెప్పలేక రెండు నెలలన్నాడు."

"ఉండేదే చెప్పే పిల్లోడన్నావు కదా?"

"అప్పుడు చెప్పేవాడు" అన్నాడు ఓబళప్ప. "ఇట్ల లేనిది చెప్పేది నా దగ్గరే నేర్చుకున్నాడు."

జయమ్మ ఆయన కుర్చీ తెచ్చి లోపల వేసి, ఇద్దరికే కంచాలు పెట్టింది.